రస్ట్‌లో రాసుకున్న సొంత టాస్క్ రన్నర్: బాగుచేయాలా, తిరగరాయాలా, జస్ట్‌కి మారిపోవాలా?

భీమవరం, కాకినాడ, రాజమండ్రి వైపు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఈ కథ మీకు తెలిసిందే. ఎవరో ఒకరు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ ఆఫీసు పనులకి పనికొస్తుందని చిన్న కమాండ్‌లైన్ టూల్ రాస్తారు. మొదట్లో అది నాలుగు కమాండ్‌లని వరసగా నడుపుతుంది (అందుకే టాస్క్ రన్నర్), అంతే. తర్వాత దీని ముందు అది నడవాలని డిపెండెన్సీలు పెడతారు, తర్వాత రెండు పనులు ఒకేసారి నడిస్తే బాగుండు అంటారు, ఆ తర్వాత మిల్లు కాటా రూములో ఉన్న పాత పీసీలో రాత్రి బ్యాకప్ కూడా దీనితోనే తీయిద్దాం అంటారు. రాసినాయన హైదరాబాద్ వెళ్ళిపోతాడు. మిగిలినవాళ్ళకి ఆ మెయిన్ ఫైలు తెరవాలంటేనే టెన్షన్.

మేం చేసేది రైసు మిల్లులకీ, రొయ్యలు కొనేవాళ్ళకీ లెక్కల సాఫ్ట్‌వేర్, కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడినుంచే వస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. చాలామంది రీఫ్యాక్టరింగ్ (కోడ్ చేసే పని మార్చకుండా లోపల సర్దడం) అనగానే పైకి కనిపించేదాని మీద పడతారు: ఆర్గ్యుమెంట్లు చదివే క్రేటు (రస్ట్ లైబ్రరీ ప్యాకేజీ) మార్చడం, రంగులు వేయడం, అన్నిట్నీ అసింక్ (ఒకదాని కోసం ఆగకుండా ఇంకోటి నడిపే పద్ధతి) చేయడం. టాస్క్ రన్నర్ బాగోగులు తేలేది మాత్రం అది ఇంకో ప్రోగ్రామ్‌ని లేపిన తర్వాత ఏం జరుగుతుందన్న దగ్గర. అక్కడ చేయాల్సిన పని లేకపోతే అసలు మీకు సొంత టూలే అక్కర్లేదు.

ముందు వదిలేయొచ్చేమో చూడండి

గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు? మీ టూల్ చేసేదల్లా పేరు పెట్టిన కమాండ్‌లని డిపెండెన్సీ ప్రకారం నడపడమే అయితే, జస్ట్ అనే టూల్ ఆ పని ఎప్పట్నుంచో చేస్తోంది. అది కూడా రస్ట్‌లోనే రాసింది. లినక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ నడుస్తుంది, లేని టాస్క్ పేరు రాసినా, రెండు టాస్క్‌లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి చుట్టు తిరిగినా, ఏదీ నడపకముందే ఆపి చెబుతుంది. టాస్క్‌కి ఆర్గ్యుమెంట్లు ఇవ్వొచ్చు, ఒక టాస్క్‌ని పైథాన్‌లో, ఇంకోదాన్ని షెల్‌లో రాసుకోవచ్చు. విండోస్‌లో మాత్రం మామూలుగా అది ఎస్‌హెచ్ షెల్ కోసం చూస్తుంది, అది లేకపోతే పవర్‌షెల్ వాడమని ఫైల్లో ఒక లైను రాయాలి. ఆ లైను తెలియక జస్ట్ విండోస్‌లో నడవదని తీర్మానించేసినవాళ్ళు ఉన్నారు.

జస్ట్ చేయనిది ఒకటుంది. ఫైలు మారిందా లేదా చూసి పని మానేయదు, అది కమాండ్‌లు నడిపేదే తప్ప బిల్డ్ సిస్టమ్ కాదు. అది కావాలంటే మేక్ ఉంది కదా అంటారా, ఉంది, 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసినప్పట్నుంచీ ఉంది, లైను మొదట్లో ట్యాబ్ బదులు స్పేస్ కొడితే కసురుకోవడమూ అప్పట్నుంచే ఉంది. మీ టీమ్‌లో అందరూ లినక్స్ మీదే ఉండి, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలు తయారయ్యే పనులే ఎక్కువైతే మేక్‌ని తక్కువ చేసి చూడకండి. గో భాషలో రాసిన టాస్క్ అనే టూల్ కూడా సోర్స్ ఫైళ్ళ చెక్‌సమ్ చూసి పని వదిలేస్తుంది, కాకపోతే అంతా యామల్ అనే కాన్ఫిగ్ ఫార్మాట్‌లో రాయాలి.

ఇక ప్రాజెక్ట్ మొత్తం రస్టే అయితే ఎక్స్‌టాస్క్ పద్ధతి ఉంది. దానికి వేరే ఇన్‌స్టాల్ ఏమీ ఉండదు. అదే వర్క్‌స్పేస్‌లో ఎక్స్‌టాస్క్ అని చిన్న క్రేటు పెట్టుకుని, కార్గో (రస్ట్ బిల్డ్ టూల్) కాన్ఫిగ్‌లో ఒక మారుపేరు ఇస్తే కార్గో ఎక్స్‌టాస్క్ అని కొట్టి పనులు నడుపుకోవచ్చు. కొత్తగా చేరిన కుర్రాడికి రస్ట్ ఉంటే చాలు, అన్నీ ఉన్నట్టే. కానీ కాటా రూములో రస్ట్ ఉండదు కదండీ, అక్కడ ఇది పనికిరాదు.

సొంతది ఉంచుకోవడానికి నేను ఒప్పుకునే కారణాలు మూడే. అవతలి మెషీన్‌లో ఒక్క ఈఎక్స్ఈ ఫైలు తప్ప ఇంకేమీ పెట్టలేకపోవడం, ఆపితే శుభ్రంగా ఆగాల్సిన పనులు ఉండడం, మీ వ్యాపారానికి మాత్రమే ఉన్న నియమాలు ఉండడం. మిల్లులో లోడు దిగుతుండగా డేటాబేస్ మీద చెయ్యి వేయకూడదు అనేది మూడోదానికి మంచి ఉదాహరణ, ఏ రెడీమేడ్ టూలూ దాన్ని మీకు చేసిపెట్టదు. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే ఒక సాయంత్రం కూర్చుని జస్ట్‌కి మారిపోండి, ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

మొత్తం తిరగరాయడం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. వద్దు. పాత కోడ్‌లో వింతగా కనిపించే ప్రతి షరతు వెనకా ఎక్కడో ఓ మిల్లులో జరిగిన గొడవ ఉంటుంది, తిరగరాస్తే ఆ గొడవలన్నీ మళ్ళీ మొదటినుంచీ పడాలి.

అవతలి మెషీను ఏంటో తేలాకే క్రేట్ల మాట

పోలికలు రాసేవాళ్ళు ఈ విషయం ఎందుకో ఎత్తరు. మన దగ్గర మిల్లుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల షెడ్లలో ఇప్పటికీ విండోస్ 7 పీసీలు నడుస్తున్నాయి, కాటాకి కట్టిన సీరియల్ కేబులూ దాని డ్రైవరూ ఆ పీసీతోనే పనిచేస్తాయి కాబట్టి ఓనరు మార్చనివ్వడు, ఆయన తప్పూ కాదు. రస్ట్ అయితే 2024 మేలో వచ్చిన 1.78తో మామూలు విండోస్ టార్గెట్లకి (ఏ సిస్టమ్ కోసం కడుతున్నామో అది) కనీసం విండోస్ 10 ఉండాలంది. విండోస్ 7కి విడిగా టార్గెట్ ఉంది కానీ అది మూడో శ్రేణిది, రెడీగా కట్టిన స్టాండర్డ్ లైబ్రరీ రాదు, మీరే కట్టుకోవాలి.

అలాగని మరీ పాత రస్ట్ వాడకూడదు. విండోస్‌లో బ్యాట్ ఫైలుకి ఆర్గ్యుమెంట్లు పంపేటప్పుడు రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీ వాటిని సరిగ్గా ఎస్కేప్ చేయడం (కమాండ్‌గా పొరబడకుండా చూడడం) లేదని 2024 ఏప్రిల్ 9న బయటపెట్టారు, లోపం నంబరు సీవీఈ-2024-24576, తీవ్రత 10కి 10. బయటివాళ్ళు ఇచ్చిన మాట ఏదైనా ఆర్గ్యుమెంట్‌గా వెళ్తే వాళ్ళకి కావాల్సిన కమాండ్ నడిచిపోతుంది. టాస్క్ రన్నర్ రోజంతా చేసేదే బ్యాట్ ఫైళ్ళు నడపడం, కాబట్టి ఇది మనకి నేరుగా తగిలే దెబ్బ. దాన్ని చాలావరకు సరిచేసిన వెర్షన్ 1.77.2 (బ్యాట్ ఫైలు పేరు చివర స్పేసో చుక్కో ఉన్నప్పుడు మిగిలిన రంధ్రాన్ని 1.81లో మూశారు). విండోస్ 7 ఉన్న చోట మీకు వాడదగ్గది సరిగ్గా ఆ ఒక్క వెర్షనే అన్నమాట, కిందకి వెళ్తే రంధ్రం, పైకి వెళ్తే పీసీ మొరాయిస్తుంది.

ఈ ఒక్క నిర్ణయంతో మిగతా ఎంపికలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. స్కోప్‌డ్ థ్రెడ్లు 1.63లో వచ్చాయి, వాడొచ్చు. ప్రాసెస్ గ్రూపు పెట్టే సౌకర్యం 1.64, టెర్మినలా కాదా చెప్పేది 1.70, వన్స్‌లాక్ (విలువని ఒక్కసారే పెట్టనిచ్చేది) కూడా 1.70, అన్నీ మనకి అందుబాటులోవే. లేజీలాక్ (మొదటిసారి వాడినప్పుడే విలువ తయారుచేసేది) 1.80, అందదు. 2024 ఎడిషన్‌కి 1.85 కావాలి, అందదు. పెద్ద క్రేట్లు ఎప్పటికప్పుడు కొత్త రస్ట్ అడుగుతుంటాయి కాబట్టి డిపెండెన్సీలు ఎన్ని తక్కువుంటే అంత హాయి. కార్గో ఫైల్లో రస్ట్ వెర్షన్ రాసిపెట్టి, ఏ క్రేటు ఏ వెర్షనో రాసుకునే కార్గో లాక్ ఫైలుని 1.84 లేదా ఆ పైన కార్గోతో తయారుచేయిస్తే ఆ వెర్షన్‌కి సరిపడే క్రేట్లని అదే ఏరుకుంటుంది, అందుకోసం రిజాల్వర్ సెట్టింగ్ ఒకటి మార్చాలి. అవతల అందరికీ విండోస్ 10 ఉంటే ఈ భాగం మర్చిపోండి, కొత్త రస్ట్ వేసుకోండి.

చెయ్యి పెట్టేముందు టెస్టులు, అవీ బయటినుంచి

ఫంక్షన్‌కో టెస్టు రాసుకుంటూ కూర్చుంటే రీఫ్యాక్టరింగ్ చేసినప్పుడు ఆ ఫంక్షన్లే ఉండవు, టెస్టులూ వాటితోనే పోతాయి. టూల్‌ని బయటినుంచి నడిపి, ఏం ప్రింటు చేసింది, ఎగ్జిట్ కోడ్ (సున్నా అంటే సరిగ్గా ముగిసినట్టు) ఎంత ఇచ్చింది అన్నది పట్టుకునే టెస్టులు రాయండి. అసర్ట్ కమాండ్ అనే క్రేటు, ఇన్‌స్టా అనే క్రేటు ఈ రెండిట్లో ఏదైనా సరిపోతుంది. అసర్ట్ కమాండ్‌లో ఏం రావాలో మీరే రాస్తారు, ఇన్‌స్టా ఇప్పుడు వస్తున్నది దాచిపెట్టి రేపు మారితే తేడా చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. పాత కోడ్ ఏం చేస్తుందో ఎవరికీ పూర్తిగా తెలియని పరిస్థితిలో నేను ఇన్‌స్టా వైపే ఉంటాను, ఎందుకంటే తెలియనిదాన్ని రాయలేం, దాచిపెట్టగలం. టైము, టెంప్ ఫోల్డర్ పేరు లాంటివి రోజూ మారతాయి కాబట్టి వాటిని ఫిల్టర్‌తో తీసేయండి, లేకపోతే రోజూ ఎరుపే.

ఒకవేళ ఒక్కో టెస్టు నడిపిన ప్రతిసారీ టాస్క్‌ల వరస మారుతోందంటే కంగారు పడకండి, అది టెస్టు తప్పు కాదు. రస్ట్‌లో హ్యాష్‌మ్యాప్ (పేరుకి విలువ జతచేసే పట్టిక) లోపలి వరస కావాలనే ప్రతి రన్‌కీ మారుతుంది. టాస్క్‌లని హ్యాష్‌మ్యాప్‌లో పెట్టి తిప్పితే, రాయడం మర్చిపోయిన డిపెండెన్సీ ఉన్నా కొన్నిసార్లు అదృష్టం కొద్దీ సరైన వరసలో నడిచిపోతుంది. నిన్న నడిచింది ఇవాళ నడవలేదు అనే ఫోన్లలో సగం ఇదే. పేర్ల వరసలో ఉంచే బీట్రీమ్యాప్ పెట్టండి, లేదా ఫైల్లో రాసిన వరస కావాలంటే ఇండెక్స్‌మ్యాప్. కోడ్‌లో మారేది రెండు మూడు లైన్లు, ఉపయోగం మాత్రం ఈ వ్యాసంలో చెప్పే మిగతా చాలావాటికంటే ఎక్కువ.

లెక్క వేయడం ఒకచోట, పని నడపడం ఇంకోచోట

ఇలాంటి టూల్స్‌లో సాధారణంగా కనిపించే రోగం ఒకటే: ఫైలు చదివే ఫంక్షనే డిపెండెన్సీ వెతుకుతుంది, అదే కమాండ్ నడుపుతుంది, అదే ప్రింటు చేస్తుంది, తర్వాత తనని తానే మళ్ళీ పిలుచుకుంటుంది. దీన్ని విడగొట్టడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ప్రతిదానికీ ట్రెయిట్ (రస్ట్‌లో ఇంటర్‌ఫేస్) పెట్టి పొరలు పొరలుగా కట్టడం. రెండు, వర్క్‌స్పేస్‌లో నాలుగైదు క్రేట్లుగా చీల్చడం. మూడు, ఒకే క్రేటులో ఉంచి మధ్యలో ప్లాన్ అనే మామూలు స్ట్రక్ట్ పెట్టడం. ఇద్దరు ముగ్గురు చూసుకునే టూల్‌కి మూడోదే చాలు. మొదటిది రాసేటప్పుడు ముచ్చటగా ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత ఏ కోడ్ నడుస్తోందో వెతుక్కోవడం రాసినవాడికే కష్టం.

ప్లాన్ అంటే ఏ టాస్క్, ఏ కమాండ్, ఏ ఫోల్డర్‌లో, ఏ ఎన్విరాన్‌మెంట్‌తో, దేని తర్వాత, ఇంతే. ప్లాన్ తయారుచేసే ఫంక్షన్ డిస్కు ముట్టుకోదు, ఏదీ నడపదు, కాన్ఫిగ్ తీసుకుని ప్లాన్ లేదా ఎర్రర్ ఇస్తుంది. ఇలా చేసినరోజు డ్రై రన్ ఉచితంగా వచ్చేస్తుంది, ప్లాన్‌ని ప్రింటు చేసి ఊరుకోవడమే. మిల్లు ఓనరు రాత్రి ఏమేం నడుస్తాయమ్మా అని అడిగితే ఆ పేజీ చూపించొచ్చు.

టాస్క్‌ల వరస కట్టడానికి పెట్‌గ్రాఫ్ అనే గ్రాఫ్ క్రేటు తెచ్చుకోవాలా, సొంతంగా రాసుకోవాలా? ఆర్థర్ కాన్ 1962లో ప్రచురించిన పద్ధతి రాస్తే యాభై లైన్లు దాటదు. పెట్‌గ్రాఫ్ మంచి క్రేటే, అయితే చుట్టు దొరికినప్పుడు దానిలోని వరస కట్టే ఫంక్షన్ చుట్టులో ఉన్న ఒక నోడ్‌ని మాత్రమే చెబుతుంది. వాడేవాడికి కావాల్సింది బిల్లు స్టాకు మీద, స్టాకు కాటా మీద, కాటా మళ్ళీ బిల్లు మీద ఆధారపడ్డాయి అన్న మొత్తం దారి. అది డెప్త్ ఫస్ట్ పద్ధతిలో మీరే రాసుకుంటే తేలిగ్గా వస్తుంది. నేనైతే సొంతదే రాస్తాను.

ఇంకోటి, పాత కోడ్‌లో టాస్క్ నడిపే ముందు ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌ని మార్చుకోవడం, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోవడం కనిపిస్తే ముందు వాటినే పీకేయండి. రెండూ మొత్తం ప్రాసెస్‌కి వర్తిస్తాయి, రెండు టాస్క్‌లు ఒకేసారి నడిస్తే ఒకదాని ఫోల్డర్‌లోకి ఇంకోటి దూరిపోతుంది. కమాండ్ కట్టేటప్పుడే దానికి ఫోల్డరూ ఎన్విరాన్‌మెంటూ విడిగా ఇవ్వొచ్చు. 2024 ఎడిషన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టడాన్ని అన్‌సేఫ్ (కంపైలర్ భద్రతకి హామీ ఇవ్వనిది) చేసేశారు కూడా, ఊరికే చేయలేదు.

పిల్ల ప్రాసెస్‌లు

పిల్ల ప్రాసెస్ అంటే మన టూల్ లేపిన ప్రోగ్రామ్. అసలు కష్టం ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మొదటిది ఎగ్జిట్ కోడ్. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌ని సిగ్నల్ చంపేస్తే రస్ట్ దాని కోడ్ అడిగినప్పుడు నన్ (None, అంటే ఏమీ లేదు) ఇస్తుంది, ఎందుకంటే అది ఏ కోడూ ఇవ్వకుండానే పోయింది. ఇప్పుడు మీ కోడ్‌లో ఆ నన్ వచ్చిన చోట సున్నా అనుకో అని రాసి ఉందేమో వెతకండి. అన్‌ర్యాప్ ఆర్ సున్నా, ఆ ఒక్క మాట. మెమరీ చాలక కెర్నల్ మీ బ్యాకప్‌ని మధ్యలో చంపేసినా టూల్ మాత్రం పచ్చ టిక్కు పెట్టి, అయిపోయిందండి అంటుంది. బ్యాకప్ సగమే ఉందన్న సంగతి డిస్కు పోయినరోజు గానీ తెలియదు. సక్సెస్ అయ్యిందా అని అడిగే ఫంక్షన్ వాడండి, సిగ్నల్‌తో పోతే 128కి సిగ్నల్ నంబరు కలిపి ఆ కోడ్‌తో బయటికి రండి, షెల్‌లో అలవాటు అదే, కంట్రోల్-సికి 130 వచ్చేది అందుకే.

రెండోది అవుట్‌పుట్. పిల్ల ప్రాసెస్ స్టాండర్డ్ అవుట్‌నీ, ఎర్రర్‌నీ రెండిట్నీ పైపులుగా తీసుకుని, ముందు ఒకటి చివరిదాకా చదివి తర్వాత రెండోది చదువుదామంటే ఇరుక్కుపోతారు. లినక్స్‌లో పైపు మామూలుగా 64 కేబీ పడుతుంది, రెండోది నిండగానే పిల్ల అక్కడ ఆగిపోతుంది, మీరు మొదటిదాని చివర కోసం చూస్తూ ఇక్కడ ఆగిపోతారు. చిన్న అవుట్‌పుట్‌లతో ఎప్పుడూ కనిపించదు, దాళ్వా కోతలప్పుడు బిల్లులు వేలల్లో పడి లాగ్ ఫైలు పెద్దదైనప్పుడే కనిపిస్తుంది.

ఇక్కడ ఎంపికలు ఇవి. పైపే పెట్టకుండా పిల్లకి మీ టెర్మినల్‌నే ఇచ్చేయడం: రంగులు వస్తాయి, పాస్‌వర్డ్ అడిగేవి పనిచేస్తాయి, ఒక్కో టాస్క్ నడిపేటప్పుడు ఇంతకంటే మంచిది లేదు. ఒకేసారి నాలుగు నడిస్తే మాత్రం అన్నీ కలగాపులగం. అప్పుడు ప్రతి లైను ముందూ టాస్క్ పేరు పెట్టి వస్తున్నకొద్దీ చూపించడం, లేదా టాస్క్ అయ్యేదాకా దాచి మొత్తం ఒకేసారి చూపించడం. ఆగకుండా నడిచే సర్వర్లకి మొదటిది, బిల్డులకీ టెస్టులకీ రెండోది బాగుంటుంది. అన్నిటికీ ఒకటే పెట్టాలని పట్టుబట్టకండి, టాస్క్‌కి ఒక సెట్టింగ్ ఇవ్వండి. మీ టూల్ అవుట్‌పుట్‌ని ఎవరైనా మొదటి లైన్లు చూపించి ఆగిపోయే హెడ్ కమాండ్‌కి పంపితే ప్రింట్‌ఎల్‌ఎన్ ప్యానిక్ (మధ్యలో కుప్పకూలడం) అవుతుందన్నదీ గుర్తుంచుకోండి, రైట్‌ఎల్‌ఎన్ వాడి ఆ ఎర్రర్ వస్తే నిశ్శబ్దంగా బయటికొచ్చేయాలి.

మూడోది ఆపడం. రస్ట్‌లో పిల్ల ప్రాసెస్ పట్టుకున్న వేరియబుల్ పోయినంత మాత్రాన పిల్ల చావదు, నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్-సి కొట్టినప్పుడు టెర్మినల్ ముందున్న గ్రూపు మొత్తానికి సిగ్నల్ పంపుతుంది, అంటే మీకూ పిల్లకీ కలిపి. మీ టూల్ ఏమీ పట్టించుకోకపోతే అది వెంటనే పోతుంది, డేటాబేస్ మూసుకుంటున్న పిల్ల మాత్రం వెనకాల ఇంకా మాట్లాడుతూ ఉంటుంది, ప్రాంప్ట్ మీద చెత్త పడుతుంది. సిగ్నల్‌ని పట్టుకుని, కొత్తవి మొదలుపెట్టకుండా, నడుస్తున్నవి ముగిసేదాకా ఆగి అప్పుడు పోవాలి. దీనికి కంట్రోల్‌సీ క్రేటు చాలు, రకరకాల సిగ్నళ్ళు చూడాలంటే సిగ్నల్ హుక్.

పిల్లలని వేరే గ్రూపులో పెడితే మనవళ్ళతో (పిల్లలు లేపిన ప్రాసెస్‌లతో) సహా ఒక్క దెబ్బకి చంపొచ్చు కదా అని అడుగుతారు. చంపొచ్చు. కానీ వేరే గ్రూపులో ఉన్నదానికి కంట్రోల్-సి చేరదు, మీరే అందించాలి, పైగా అది కీబోర్డు చదవబోతే కెర్నల్ దాన్ని ఆపేస్తుంది, పాస్‌వర్డ్ అడిగే టాస్క్ అలాగే వేలాడుతుంది. అందుకని ఒంటరిగా నడిచే టాస్క్‌ని అదే గ్రూపులో ఉంచి, పక్కపక్కన నడిచేవాటిని మాత్రం వేరే గ్రూపులో పెట్టమంటాను. విండోస్‌లో అందర్నీ కలిపి చంపడానికి గ్రూపు కాదు, జాబ్ ఆబ్జెక్ట్ ఉంటుంది, ప్రాసెస్ ర్యాప్ అనే క్రేటు రెండిట్నీ కలిపి చూసుకుంటుంది.

ఇప్పుడు టోకియోనా (రస్ట్‌లో అసింక్ నడిపే క్రేటు), థ్రెడ్లా అన్న పెద్ద తగువు. ఒక్కో పిల్లకి అవుట్‌పుట్ చదవడానికి రెండు థ్రెడ్లు, ఆగడానికి ఒకటి వేసుకున్నా పది టాస్క్‌లకి ముప్పై థ్రెడ్లు. పాత పీసీ కూడా దీనికి బాధపడదు. థ్రెడ్లూ ఒక ఛానలూ ఉంటే పని జరిగిపోతుంది, కోడ్ చదివేవాడికి అసింక్ తెలియక్కర్లేదు, డిపెండెన్సీల చెట్టు చిన్నగా ఉంటుంది. థ్రెడ్ల వైపు నిజమైన లోటు టైమౌట్, స్టాండర్డ్ లైబ్రరీలో ఇంతసేపే ఆగు అని చెప్పే దారి లేదు, మధ్యమధ్యలో అయ్యిందా అని అడుగుతూ ఉండాలి. టోకియోలో టైమౌట్, ఆపడం, ఫైళ్ళు మారాయేమో గమనించడం మూడూ ఒకే చోట తేలిగ్గా కలుస్తాయి, వేరియబుల్ పోతే పిల్లని చంపే సెట్టింగూ ఉంది. ఆ మూడూ మీకు కలిపి కావాలంటే టోకియో తీసుకోండి, రెండే కావాలంటే థ్రెడ్లతో కానివ్వండి. రేయాన్ అనే క్రేటు దీనికోసం కాదు, అది సీపీయూ లెక్కలకి, దాని థ్రెడ్లన్నీ పిల్లల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

ఒకేసారి ఎన్ని నడపాలన్నదానికి సీపీయూ కోర్లు లెక్కపెట్టి ఊరుకోకండి. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు తక్కువున్న ఏడాది దాళ్వాకి కాలవలకి వంతుల వారీగా వదులుతారు చూడండి, నాలుగు జీబీ ర్యామ్ పీసీలో టాస్క్‌లకీ అలాగే వంతు ఉండాలి. టాస్క్‌కి బరువు అని ఒక అంకె ఇచ్చి, మొత్తం బరువు ఒక హద్దు దాటకుండా చూస్తే సరిపోతుంది. కార్గో బిల్డులు రెండు ఒకే టార్గెట్ ఫోల్డర్‌తో పక్కపక్కన నడిపితే ఎలాగూ లాభం లేదు, ఒకటి లాక్ పట్టుకుంటే రెండోది దాని కోసం ఆగుతుంది. ఫోల్డర్లు విడదీస్తే లాక్ ఉండదు, కానీ అన్ని కోర్లూ నాకే అని రెండూ కొట్టుకుంటాయి.

మిగతావి త్వరత్వరగా

కాన్ఫిగ్ ఫైలుకి టామల్ తీసుకోండి. యామల్ చూడ్డానికి బాగుంటుంది, అయితే రస్ట్‌లో అందరూ వాడిన సెర్డే యామల్ క్రేటుని 2024 మార్చిలో దాన్ని రాసినాయనే ఇక వద్దని పక్కనపెట్టేశారు. సొంత భాష కనిపెట్టకండి, ఎర్రర్ మెసేజ్‌లు రాయడానికే సగం జీవితం అయిపోతుంది. ఫైలుని స్ట్రక్ట్‌లోకి చదివే సెర్డే క్రేటుతో ఏది వాడినా తెలియని పేర్లు వస్తే ఒప్పుకోవద్దన్న సెట్టింగ్ తప్పకుండా పెట్టండి. అది లేకపోతే డిపెండెన్సీల ఫీల్డు పేరులో ఒక అక్షరం తప్పు పడినా ఫైలు హాయిగా చదువుకుంటుంది, డిపెండెన్సీలే లేవనుకుని కాటా లెక్కలు రాకముందే బిల్లు వేసేస్తుంది.

టాస్క్ పేర్లు తెలుగులో పెడదాం అన్నవాళ్ళకి ఒక మాట. టామల్‌లో కోట్లు లేకుండా రాసే పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గీతలు తప్ప ఇంకేవీ పట్టవు, తెలుగు పేరుని కోట్లలో పెట్టాలి. ప్రింటులో వరసలు కూడా జరుగుతాయి: రస్ట్ వెడల్పు లెక్కపెట్టేది కోడ్ పాయింట్లని (యూనికోడ్ గుర్తుల్ని), కాటా అన్న రెండక్షరాల మాట దానికి నాలుగు. యూనికోడ్ విడ్త్ క్రేటు కొంత సరిచేస్తుంది, టెర్మినల్ ఫాంటుని బట్టి ఇంకా అటూ ఇటూ అవుతుంది. విండోస్ 7 కన్సోల్‌లో అయితే తెలుగు అంతా డబ్బాలే. పేరు ఇంగ్లిష్‌లో, వివరణ తెలుగులో, వివరణ లైను చివర ఉంచండి, జరగడానికి దాని తర్వాత ఏమీ ఉండదు.

ఆర్గ్యుమెంట్లకి క్లాప్ డిరైవ్ మామూలు ఎంపిక, స్ట్రక్ట్‌ఆప్ట్ ఇంకా ఉంటే క్లాప్‌కి మార్చండి, మూడో వెర్షన్‌లోనే అది ఇందులో కలిసిపోయింది. 1.77.2 మీద ఉండాల్సినవాళ్ళు పాత క్లాప్ పట్టుకుని వేలాడటం కంటే లెక్సాప్ట్ లాంటి చిన్నది చూసుకోవడం మేలు. టాస్క్ పేర్లలో అక్షరం తప్పు కొడితే దగ్గర పేరు చూపించడం ఎలాగూ మీరే రాయాలి, ఎందుకంటే ఆ పేర్లు కాన్ఫిగ్‌లో ఉన్నాయి, క్లాప్‌కి తెలియవు.

ఎర్రర్లకి ప్లాన్ వైపు దిస్‌ఎర్రర్ క్రేటు, పైన మెయిన్ దగ్గర ఎనీహౌ. రెండూ ఒకరే రాశారు, కొట్టుకోవు.

పని మళ్ళీ చేయాలా వద్దా అన్నది తేదీ చూసి తేల్చాలా, హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి వచ్చే గుర్తు) చూసా? గిట్‌లో బ్రాంచి మారితే మారిన ఫైళ్ళకి ఇప్పటి టైమే పడుతుంది. మిల్లుకి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే ఫ్యాట్ 32లో టైము రెండు సెకన్లకి సర్దుకుపోతుంది. తేదీని ఒక్కదాన్నే నమ్మితే ఊరికే పని చేయడమో, చేయాల్సింది వదిలేయడమో జరుగుతుంది. సైజూ తేదీ కమాండూ మూడూ పోయినసారిలాగే ఉంటే వదిలేయండి, ఏది మారినా బ్లేక్ 3 హ్యాష్ తీసి అప్పుడు తేల్చండి. ఆ హ్యాష్‌లో ఫైళ్ళతోపాటు కమాండ్ కూడా కలపండి. అది కలపకపోతే టాస్క్‌లో ఒక ఫ్లాగ్ మార్చినా, ఏమీ మారలేదుగా అని టూల్ దాటేస్తుంది.

రిలీజ్ బిల్డులో స్ట్రిప్ (డీబగ్ పేర్లు తీసేయడం) పెట్టండి, థిన్ ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు చేసే ఆప్టిమైజేషన్) పెట్టండి, అంతకుమించి వేగం కోసం తంటాలు పడకండి, ఈ టూల్ టైమంతా పిల్లల కోసం ఎదురుచూడ్డంలోనే పోతుంది. సైజు తగ్గుతుందని ప్యానిక్‌ని అబార్ట్ చేయమంటారు కొందరు. అలా చేస్తే ప్యానిక్ వచ్చినప్పుడు డ్రాప్‌లు (వేరియబుల్ పోయేటప్పుడు శుభ్రం చేసే కోడ్) నడవవు, రెండోసారి నడవకుండా టూల్ పెట్టుకున్న లాక్ ఫైలు డిస్కు మీదే ఉండిపోతుంది, పొద్దున్న కాటా దగ్గర గుమస్తా పీసీ ఆన్ చేస్తే ఇంకో టాస్క్ నడుస్తోంది, ఆగండి అని మెసేజ్ వస్తుంది. మధ్యలో ఎక్కడపడితే అక్కడ ప్రాసెస్ ఎగ్జిట్ పిలిచినా అదే ఫలితం, కాబట్టి ఎగ్జిట్ కోడ్‌ని మెయిన్ నుంచి తిరిగి ఇవ్వండి. లాక్ ఫైల్లో ప్రాసెస్ నంబరు రాసి, ఆ నంబరు ఇప్పుడు నడుస్తోందో లేదో చూసుకునే నాలుగు లైన్లు కూడా ఉంచండి, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు ఏ డ్రాపూ నడవదు.